చర్మకారుడి నిండు కుండ

జోల్వాలో మా గది గోడకు ఒక మేకు ఉంది. దానికి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంటుంది. ఆధార్ నకళ్లు, బ్యాంకు పాసు పుస్తకాలు, ఊరి నుంచి తెచ్చుకున్న కాగితాలు అన్నీ అందులోనే. ఈ మధ్య ఒక ఆదివారం బుద్ధ వందన అయ్యాక మాలో ఒకాయన ఆ కవరులోంచి కూతురి కుల ధ్రువీకరణ పత్రం తీశాడు. పాప కాలేజీలో చేరడానికి దాని నకలు పంపాలట. కాగితం చేతులు మారుతూ వచ్చింది. పైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం, అందులో ధమ్మచక్రం, చక్రం నడుమ పూలతో నిండిన కుండ. కింద కులం అన్నచోట మాదిగ అని ఉంది.

ఆ కుండ ఎవరిచ్చిందో మాలో చాలామందికి తెలియదు. తెలిసిన ఒకరిద్దరు చెప్పినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ వ్యాసం రాయాలనుకున్నది ఆ రోజే.

జోల్వా సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో, కడోదరా దగ్గరి ఊరు. ఊరు అన్నది పేరుకే. చుట్టూ బట్టల మిల్లులు, మరమగ్గాలు, అద్దకం యూనిట్లు. వీధిలో గుజరాతీ కంటే హిందీ, గంజాం నుంచి వచ్చినవారి ఒడియా ఎక్కువ వినిపిస్తాయి. సూరత్ ప్రాంతంలో తెలుగు వినాలంటే నగరంలో లింబాయత్ వైపు వెళ్లాలి. తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఉన్నాయి. జోల్వాలో మేం కొద్దిమందిమి. ఆదివారం వీలు దొరికితే త్రిశరణాలు, పంచశీల చెప్పుకుని, బాబాసాహెబ్ పుస్తకంలో రెండు పేజీలు చదువుకుంటాం. అంతకుమించి మాకో విహారం లేదు, సంఘం లేదు.

కుండ సంగతికి వద్దాం.

అమరావతి స్తూపాన్ని ఒక్క రాజు కట్టించలేదు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో గృహస్థులు, వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మేవాళ్లు, భిక్షువులు, భిక్షుణులు తాము ఏ రాయి ఇచ్చారో, ఎవరెవరితో కలిసి ఇచ్చారో చెక్కించుకున్నారు. వారిలో విధికుడు ఒకడు. శాసనం అతణ్ని చర్మకారుడు అంటుంది. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. విధికుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, నాగుడనే కొడుకుతో, కూతుళ్లతో, జ్ఞాతులతో, మిత్రులతో, బంధువులతో కలిసి ఒక పలక దానం చేశాడు. ఆ పలకను శాసనం పూర్ణఘటం ఉన్న పలకగా పేర్కొంటుంది. ధాన్యకటకంలో తోలు పని చేసే ఒక కుటుంబం స్తూపానికి ఇచ్చిన నిండు కుండ అది. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజచిహ్నాన్ని ఖరారు చేసినప్పుడు ఇచ్చిన వివరణలోనే విధికుడి పేరు, అతని వృత్తి, తండ్రి పేరు ఉన్నాయి. అంటే కులం రుజువు చేసే కాగితం మీద ప్రభుత్వం అచ్చు వేస్తున్నది ఒక చర్మకారుడి కానుక. ఆ కాగితం పట్టుకుని కిటికీ ముందు నిలబడే మన పిల్లలకు ఈ సంగతి ఏ బడిలో చెబుతున్నారు?

అప్పటి చర్మకారుడూ ఇప్పటి మాదిగా ఒకటే అని శాసనం చెప్పదు, మేమూ చెప్పం. మధ్యలో పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా గడిచాయి, కులం అన్నది ఇప్పుడున్నంత గడ్డకట్టింది ఆ మధ్యకాలంలోనే. పని మాత్రం అదే పని, చేతికి అంటిన తోలు వాసనా అదే. తోలు పని చేసేవాడి తండ్రి ఉపాధ్యాయుడు కావడం, ఆ ఇద్దరి పేర్లూ పక్కపక్కన స్తూపం రాతి మీద ఉండడం అప్పట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు.

ఆ రోజు మా గదిలో ఒక ప్రశ్న వచ్చింది. మాలో అందరికంటే చిన్నవాడు అడిగాడు: "పేరు చెక్కించుకున్నాడంటే మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించుకున్నట్టే కదన్నా?" మేం నవ్వాం గాని ప్రశ్న నవ్వేది కాదు. మనిషి ఎందుకు ఇస్తాడు? లోపల ఏదో వెలితి ఉండి దాన్ని పేరుతో పూడ్చుకోవడానికి ఇస్తాడా, లేక ఇచ్చేటప్పుడు ఆ వెలితి గురించి భయం లేనందుకు ఇస్తాడా? బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. విధికుడి మనసులో ఏముందో రాయి చెప్పదు. అయితే ఆ శాసనంలో మాకు కనబడిన ఒక సంగతి ఉంది. అతను తన వృత్తిని దాచుకోలేదు. పేరు కోసమే అయితే ఉపాధ్యాయుడి కొడుకునని చెప్పి ఊరుకోవచ్చు. తోలు పని చేసేవాణ్ననీ చెప్పాడు, తల్లి నుంచి స్నేహితుల దాకా అందరినీ ఆ దానంలోకి లాగాడు. ఇంతమందిని పక్కన పెట్టుకుని ఇచ్చినవాడిలో ఒంటరితనం కనబడదు.

శూన్యం మాట తెలుగు నేలకు కొత్తది కాదు. ఆ మాటను తత్వంగా నిలబెట్టిన ఆచార్య నాగార్జునుడిని సంప్రదాయం ఈ కృష్ణాతీరంతోనే, శాతవాహన రాజుతోనే ముడిపెడుతుంది. అమరావతి రాతి మీద నిండు కుండ, ఆ ప్రాంతపు ఆచార్యుడి నోట శూన్యం. ఈ రెంటికీ వైరం ఉందా అన్నదే మా చర్చ.

మన వాళ్లకు శూన్యత అంటే చిరాకు. ఆ చిరాకుకు కారణం ఉంది. పొలం లేనివాడికి, చేతిలో డబ్బు లేనివాడికి, గౌరవం దక్కనివాడికి ఎవరో వచ్చి "లోపలి శూన్యాన్ని అంగీకరించు నాయనా" అంటే అది వెక్కిరింతలా ఉంటుంది. సర్దుకుపొమ్మని తరతరాలుగా చెప్పినవాళ్లే ఇప్పుడు కొత్త మాటతో మళ్లీ చెబుతున్నట్టు ఉంటుంది. దరిద్రం వేరు, శూన్యత వేరు. దరిద్రాన్ని అంగీకరించమని బుద్ధుడు ఎక్కడా చెప్పలేదు. ఆకలిగొన్నవాడికి ముందు అన్నం పెట్టించి తర్వాతే ధమ్మం చెప్పిన కథ ధమ్మపద వ్యాఖ్యానంలో ఉంది.

అయితే పాళీ సుత్తాల్లో శూన్యం అంటే ఏమిటి? మజ్ఝిమ నికాయంలో చూళసుఞ్ఞత సుత్తం ఉంది. సావత్థి దగ్గర పుబ్బారామంలో, మిగారమాత ప్రాసాదంలో, ఒక సాయంత్రం ఆనందుడు బుద్ధుణ్ని శూన్యత గురించి అడుగుతాడు. బుద్ధుడు ఆకాశంలోకి చూపించడు, వాళ్లు కూర్చున్న ఆ భవనాన్నే చూపిస్తాడు. ఈ ప్రాసాదంలో ఏనుగులు లేవు, ఆవులు లేవు, గుర్రాలు లేవు, బంగారం వెండి లేవు, స్త్రీపురుషుల గుంపు లేదు. అయినా ఇది పూర్తిగా ఖాళీ కాదు, భిక్షుసంఘం ఉంది. లేనిదాన్ని లేదని చూడడం, మిగిలినదాన్ని ఉందని చూడడం. శూన్యత సాధన ఇక్కడ మొదలవుతుంది. సంయుత్త నికాయంలో మరోచోట ఆనందుడే లోకం శూన్యమని ఎందుకంటారని అడిగితే, నేను అనేదీ నాది అనేదీ అందులో లేనందువల్ల అని జవాబు వస్తుంది.

మిగారమాత ఎవరో పాఠకులకు తెలుసు. విశాఖ. మామగారిని ధమ్మంలోకి నడిపించినందుకు ఆమెకు ఆ పేరు వచ్చింది. ఆ ప్రాసాదం ఆమె దానం. తన మహాలతా ఆభరణాన్ని అమ్మకానికి పెడితే కొనగలిగినవాడు ఊళ్లో దొరక్క, తానే దాని వెల చెల్లించి ఆ డబ్బుతో కట్టించిందని వ్యాఖ్యానం చెబుతుంది. ఆమె బుద్ధుణ్ని అడిగిన వరాలు వినయపిటకంలో ఉన్నాయి. వానాకాలం బట్టలు, ఊరికి కొత్తగా వచ్చిన భిక్షువుకు భోజనం, ఊరు విడిచి వెళ్లేవాడికి భోజనం, రోగికి భోజనం, రోగిని చూసుకునేవాడికి భోజనం, మందు, రోజూ గంజి, భిక్షుణులకు స్నానపు బట్టలు. తనకంటూ ఏమీ అడగలేదు. ఇవన్నీ ఇచ్చే అనుమతినే వరంగా అడిగింది. రోగిని చూసుకునేవాడికి వేరే భోజనం ఎందుకో కూడా చెప్పింది: అతను తన కోసం భిక్షకు వెళితే రోగికి అన్నం తేవడం ఆలస్యమవుతుంది. కొత్తగా వచ్చినవాడికి వీధులు తెలియవని, వెళ్లేవాడు భోజనం కోసం ఆగితే తోటివాళ్లను అందుకోలేడని ఆలోచించింది. అవతలివాడి అవసరాన్ని ఇంత దగ్గరగా చూడాలంటే చూసేవాడి కళ్లలో "నేను" కొంచెం పక్కకు జరగాలి. శూన్యత గురించిన మాట ఇలాంటి మనిషి కట్టించిన ఇంట్లో పుట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. మాకు మాత్రం బాగా నచ్చింది.

ఆ సుత్తం చదివిన రోజు మా గదినే ఆ లెక్కన చూసుకున్నాం. మంచం లేదు. ఫ్రిజ్ లేదు. భార్యాపిల్లలు లేరు. ఊరు లేదు. పండగ లేదు. ఇవన్నీ లేవని పైకి చెప్పుకోవడమే కొంచెం కష్టమైంది. ఫోన్లో ఇంటికి అంతా బాగుందనే చెబుతాం కదా. తర్వాత ఉన్నవి లెక్కపెట్టాం. ఆరుగురు మనుషులు, ఒక స్టవ్వు, రెండు పుస్తకాలు.

నాగార్జునుడి దగ్గరికి వద్దాం. మూలమధ్యమక కారికల్లో ఆయన పట్టుకున్నది ఒకే దారం: ఏదీ తన సొంత స్వభావంతో నిలబడదు, ప్రతిదీ మరొకదాని మీద ఆధారపడి పుడుతుంది. దీన్నే శూన్యత అన్నాడు. ఏదీ లేదనడం కాదు అది. వస్తువులకు మారని స్వభావం ఉంటే మారడం అనేదే సాధ్యపడదు, శూన్యం కాబట్టే అన్నీ జరుగుతాయి. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో శూన్యతను ఈ అర్థంలోనే తీసుకున్నారు. అది అంతా నాస్తి అనే వాదం కాదనీ, అనిత్యతకు మరో పేరనీ, అది లేకపోతే ఏ ఎదుగుదలా వీలుపడదనీ వివరించారు. కులం విషయంలో ఈ మాట పెట్టి చూడండి. పుట్టుకతో వచ్చిన నీచత్వం అనే స్వభావం ఏ మనిషిలోనూ లేదు, దాని చోటు ఖాళీ. అది అలాగే ఏ మనిషిలోనూ పుట్టుకతో వచ్చిన గొప్పతనమూ లేదు. బ్రాహ్మణ్యానికి శూన్యత మింగుడు పడకపోవడానికి ఇదే కారణమని మేం అనుకుంటాం.

నాగార్జునుడి తత్వాన్ని మాత్రమే చదివి ఆగిపోతే ఆయన సగమే తెలుస్తాడు. రాజుకు రాసిన 'రత్నావళి' చదవాలి. శూన్యత చెప్పిన అదే మనిషి అందులో రాజుకు చెప్పే పనులు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. గుడ్డివాళ్లకు, రోగులకు, దిక్కులేనివాళ్లకు, అంగవైకల్యం ఉన్నవాళ్లకు అన్నపానాలు ఏర్పాటు చేయమంటాడు. సత్రాలు, చెరువులు కట్టించమంటాడు. ఖైదీలను విడిచిపెట్టేదాకా వాళ్లకు మంగలి, స్నానం, తిండి, మందు, బట్టలు అందాలంటాడు. నీళ్ల తావుల దగ్గర చెప్పులు, గొడుగులు, నీళ్లు వడగట్టే గుడ్డలు, ముల్లు తీసే పట్టకారు, సూదులు, దారం, విసనకర్రలు పెట్టించమంటాడు. చీమల పుట్టల దగ్గర కూడా తిండి, నీళ్లు పెట్టమంటాడు.

చెప్పులు, ముల్లు తీసే పట్టకారు. ఈ రెండు మాటల దగ్గర మేం చాలాసేపు ఆగాం. బాటసారి కాలును చూసినవాడే ఇది రాయగలడు. ఆ చెప్పులు కుట్టేది విధికుడి లాంటివాడే కదా. ఆచార్యుడు లేమిని ఒప్పుకోమని పేదవాడికి ఉత్తరం రాయలేదు. ఖజానా తెరవమని రాజుకు రాశాడు. శూన్యత పేరుతో పేదలకు ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఎవరైనా ఎదురైతే, రత్నావళిలోని ఆ చెప్పుల మాట గుర్తు చేయాలి.

ఇచ్చే చేయి గురించి ఈ దక్షిణ గుజరాత్ నేలకు తన చరిత్ర ఉంది. పల్సానా, బార్డోలి ప్రాంతాల్లో హాళీ పద్ధతి చాలా కాలం నడిచింది. అనావిల్ భూస్వామి దుబ్లా కులపు కూలీ పెళ్లికి అప్పు ఇచ్చేవాడు. ఆ అప్పుతో కూలీ, తర్వాత అతని కుటుంబం, అతని కొడుకు కట్టుబడిపోయేవారు. గింజలు, మజ్జిగ, పాత బట్ట, రోగం వస్తే కొంత సాయం యజమాని ఇచ్చేవాడు. యజమాని లెక్కలో అది దయ. తెలంగాణ, ఆంధ్రల్లో జీతగాళ్లుగా, పాలేర్లుగా బతికిన కుటుంబాల నుంచి వచ్చిన మాకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. పైనుంచి ఇచ్చే చేయి కిందివాడిని కిందే ఉంచుతుంది. అలాంటి దాత అవతలివాడి లేమి మీద బతుకుతాడు, అది తీరితే అతని పెద్దరికం పోతుంది. 1928 బార్డోలి సత్యాగ్రహం భూమి శిస్తు పెంపు మీద జరిగింది. హాళీల కట్టు విప్పడానికి కాదు. ఇప్పుడు హల్పతులుగా పిలిచే వాళ్ల వాడలు మిల్లుల పక్కనే ఉన్నాయి.

ఈ పడమటి తీరానికి మన తీరానికి మధ్య ఏడో శతాబ్దంలో ఒక మనిషి నడిచాడు. హ్యుయాన్‌త్సాంగ్. ధాన్యకటకంలో విహారాలు చాలా ఉన్నా ఎక్కువ భాగం పాడుబడ్డాయని, ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయని రాశాడు. తర్వాత భరుకచ్ఛం, అంటే మాకు ఉత్తరాన నర్మద ఒడ్డునున్న నేటి బరూచ్ గురించి, వలభి గురించి రాశాడు. వలభిలో నూరు విహారాలు, ఆరు వేల మంది భిక్షువులు ఉన్నారన్నాడు. కృష్ణాతీరంలో దీపం సన్నగిల్లుతున్నప్పుడు ఇక్కడ వెలుగుతోంది. ఇప్పుడు ఇక్కడా లేదు.

హ్యుయాన్‌త్సాంగ్ కథలోనే హర్షుడి ప్రయాగ సభ వస్తుంది. అయిదేళ్లకోసారి పోగైన సంపదంతా హర్షుడు అక్కడ పంచేసేవాడు. 643లో జరిగిన సభలో ఒంటి మీది నగలతో సహా ఇచ్చేసి, చివరికి చెల్లెలు రాజ్యశ్రీని అడిగి పాత బట్ట కట్టుకున్నాడని చెబుతారు. ఈ ఘట్టాన్ని దానానికి పరాకాష్ఠగా పాఠ్యపుస్తకాలు పిల్లలకు చెబుతాయి. అదే వృత్తాంతంలో తర్వాతి వాక్యాలు మాత్రం చెప్పరు. సామంత రాజులు ఆ నగలను, బట్టలను డబ్బిచ్చి విడిపించి తిరిగి హర్షుడికే ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆయన మునుపటిలా అయ్యాడు. హర్షుడిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు, బౌద్ధానికి ఆయన చేసిన మేలు పెద్దది. కానీ తిరిగి నిండుతుందని తెలిసిన ఖాళీ వేరు. రాజు ఖజానా నింపేది రైతు పన్ను. విధికుడి పలకను ఎవరూ విడిపించి అతనికి తిరిగి ఇవ్వలేదు.

గుజరాత్ మనకు ఇచ్చిన ఇంకో పేరు శాంతిదేవుడు. ఎనిమిదో శతాబ్దం వాడు, సౌరాష్ట్ర రాజకుటుంబంలో పుట్టాడని సంప్రదాయం. నలందాలో ఉండి 'బోధిచర్యావతారం' రాశాడు. నాగార్జునుడి శూన్యతను ఒక అధ్యాయంలో వాదిస్తాడు, దానికి ముందు అధ్యాయంలో నన్ను నీ చోట, నిన్ను నా చోట పెట్టి చూసే సాధన నేర్పుతాడు. దానం మీద ఆయన వేసిన ఒక ప్రశ్న మాకు ముల్లులా గుచ్చుకుంది. దానపారమి అంటే లోకంలో దరిద్రం పోగొట్టడమే అయితే, దరిద్రులు ఇంకా ఉన్నారు కదా, మరి పూర్వపు బుద్ధులు ఆ పారమిని ఎలా పూర్తి చేశారు? ఆయన జవాబు: పారమి అంటే ఉన్నదంతా, దాని ఫలంతో సహా, అందరికీ వదులుకునే చిత్తం. అది మనసులో పూర్తవుతుంది.

ఇందులో సత్యం ఉంది, ప్రమాదమూ ఉంది. సత్యం ఏమిటంటే ఇవ్వడం సంచితో మొదలు కాదు. జేబులో ఏమీ లేనివాడు కూడా ఒకరి మాట చివరిదాకా వినగలడు, భయపడేవాడి పక్కన కూర్చోగలడు, తోటివాడి బాగు చూసి సంతోషించగలడు. మెత్త, కరుణ, ముదిత అన్నవి ఇవే. ప్రమాదం ఏమిటంటే చిత్తం ఉంటే చాలునని చెప్పి చేయి ముడుచుకుని కూర్చోవచ్చు. దేశంలో ఎంతమంది పెద్దలు దళితుల పట్ల "మనసులో" ప్రేమ చూపించారో మనకు తెలుసు. అందుకే మేం శాంతిదేవుణ్ని రత్నావళి పక్కన పెట్టి చదువుతాం. బాబాసాహెబ్ కూడా ధమ్మం పుస్తకంలో దానాన్ని మంచి ఆలోచనగా వదిలేయలేదు, ఆస్తి నుంచి ప్రాణం దాకా, తిరిగి ఏమీ ఆశించకుండా, ఇతరుల మేలు కోసం ఇవ్వడమన్నారు. 22 ప్రతిజ్ఞల్లో దశ పారమితలను పాటిస్తానన్న మాట ఉంది. దీక్ష తీసుకున్నవాళ్లం ఆ మాట పలికినవాళ్లమే.

బాబాసాహెబ్ జీవితంలో శూన్యం ఎక్కడ కనబడుతుంది? అమెరికా చదువు, లండన్ చదువు, రాజ్యాంగం, దీక్ష అంటూ నిండుగా చెప్పుకోవడం అలవాటై ఈ ప్రశ్న మనం అడగం.

సూరత్‌లో రైలెక్కితే బరూచ్ దాటాక బరోడా. 1917లో ఆయన సంస్థానం ఉద్యోగానికి అక్కడికి వచ్చారు. ఉండడానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో చేరారు. పై అంతస్తులో ఆయన ఒక్కరే. పనికిరాని సామాన్ల మధ్య, మసక దీపం వెలుతురులో, గబ్బిలాలు తిరిగే ఆ హాలులో పలకరించే మనిషి కోసం ఎంత తపించారో తర్వాత రాసుకున్నారు. ఆ ఒంటరితనం మరిచిపోవడానికి చదువుతూనే ఉండేవారు. గబ్బిలాల చప్పుడు మళ్లీ గుర్తు చేసేది. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న పార్సీలు వచ్చి వెళ్లగొట్టారు. బొంబాయి రైలు వేళ దాకా కామాఠీ బాగ్ తోటలో కూర్చున్నారు. ఇప్పుడు ఆ చోటును సంకల్ప భూమి అంటూ గౌరవిస్తున్నాం, మాలో ఇద్దరం వెళ్లి చూసొచ్చాం. సంకల్పం గురించి అక్కడ చెబుతారు. ఆ హాలు గురించి కూడా చెబితే బాగుండు. అంత పెద్ద చదువు చదివినవాడు కూడా మనిషి తోడు లేక అలా విలవిల్లాడాడని తెలిస్తే, మా గదుల్లో రాత్రిపూట గోడ వైపు తిరిగి పడుకునే కుర్రాళ్లకు ధైర్యం వస్తుంది.

ఇంకోటి ఉంది. 1926 జులైలో ఆయన కొడుకు రాజరత్న చనిపోయాడు. గంగాధర్, రమేశ్, ఇందు అప్పటికే పోయారు, ఇది నాలుగోది. ఆ తర్వాత కొద్ది రోజులకు దత్తోబా పవార్‌కు రాసిన ఉత్తరంలో తానూ భార్యా ఈ దెబ్బ నుంచి తేరుకున్నామని నటించడం దండగ అని, బతుకులో రుచి పోయిందని దాచకుండా రాశారు. ధైర్యవచనాలు, వేదాంతం ఆ ఉత్తరంలో లేవు. అంతా దేవుడి లీల అని సర్దిచెప్పుకోలేదు. ఖాళీ అయిందని మిత్రుడికి చెప్పారు, అంతే. ఎనిమిది నెలల తర్వాత, 1927 మార్చి 20న, మహాడ్ చవ్‌దార్ చెరువులో ఆయన దోసిలి ముంచారు. వెనక వేలమంది. దేవుడి లీల మీద నమ్మకం లేని మనిషి, తన ఇంట్లో నాలుగు ఊయలలు ఖాళీ అయిన మనిషి, ఇతరుల పిల్లలకు నీళ్ల హక్కు ఇచ్చాడు. ఆ ఉత్తరానికీ ఆ దోసిలికీ కార్యకారణ సంబంధం ఉందని మేం చెప్పబోవడం లేదు, దుఃఖం గొప్ప పనులు చేయిస్తుందని చెప్పడం క్రూరత్వం అవుతుంది. దుఃఖం లేనట్టు నటించకుండానే ఆయన ఇవ్వగలిగారన్నది మాత్రం చరిత్ర.

మా విషయానికొస్తే, 2020 ఏప్రిల్‌లో సూరత్‌లో వలస కార్మికులు ఇంటికి పంపమని వీధుల్లోకి వచ్చారు. మే 4న జోల్వాకు దగ్గర్లోని వరేలిలో పోలీసులకు, కార్మికులకు ఘర్షణ జరిగింది. ఆ నెలల్లో మగ్గాలు ఆగాయి, జీతాలు ఆగాయి. మామూలు రోజుల్లో సూరత్ ప్రాంతపు మెస్ గదుల్లో ఒకే చాప మీద ఇద్దరు పడుకుంటారు, పగటి షిఫ్టువాడు లేచి వెళితే రాత్రి షిఫ్టువాడు వచ్చి వాలతాడు. లాక్‌డౌన్‌లో ఇద్దరూ ఒకేసారి గదిలో ఉన్నారు. చాప ఒక్కటే. అప్పుడు ఎవరు ఎవరికి ఏమిచ్చారో ఏ శాసనమూ లేదు. పప్పు నీళ్లు పోసి పెంచిన చేతులు, ఫోన్‌లో తన చివరి రీచార్జిని పక్కవాడు ఇంటికి మాట్లాడుకోవడానికి ఇచ్చినవాళ్లు, రైలు టోకెన్ వచ్చినా జ్వరంతో ఉన్న తోటివాడి కోసం ఆగిపోయినవాళ్లు ఉన్నారు. ఉన్న బియ్యం దాచుకున్నవాళ్లూ ఉన్నారు. అలా దాచుకున్నవాళ్లలో మాలో ఒకరు ఉన్నారు. ఆయన ఇప్పటికీ మాతోనే ఉంటాడు, ఆ సంగతి తనే చెబుతాడు, ఆదివారం వంట కూడా ఎక్కువసార్లు ఆయనదే.

ఆ రోజు పత్రం నకలు తీయించడానికి కడోదరా దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆదివారం కదా, దగ్గర్లో జిరాక్స్ షాపులు మూసేశారు. పాప తండ్రికి రాత్రి షిఫ్టు ఉంది. చిన్నవాడు తానే వెళతానని కాగితం తీసుకుని, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపల దోపుకున్నాడు. వెళ్లేముందు అందులోని కుండను మళ్లీ ఒకసారి బయటకు తీసి చూశాడు. గుమ్మం దగ్గర అతని చెప్పు తెగి ఉంది. ఎవరో తమ చెప్పులు అటు జరిపారు.